గొట్టం మీద చెయ్యి

ఆ పొద్దున ఆకాశం బియ్యం కడిగిన నీళ్లలా ఉంది. అది మబ్బూ కాదు, ఎండా కాదు. తూర్పు పక్క ఒక్క మబ్బు తునక మాత్రం గోడకు కొట్టిన పిడకలా కదలకుండా అతుక్కుపోయింది. వాన వచ్చేది కాదని చెయ్యి మేస్త్రీకి తెలుసు. అయినా పరంజా ఎక్కే ముందు ఒకసారి పైకి, ఒకసారి కిందికి చూడడం ఆయన అలవాటు. రెండూ చూశాకే పని.

చెయ్యి మేస్త్రీ అన్నది ఆయనకు అమ్మానాన్న పెట్టిన పేరు కాదు, పని పెట్టింది. చేతి బోర్లు వేసే ముఠాలో గొట్టం మూతి మీద అరచెయ్యి వేసి కూర్చునే మనిషి ఆయన. ఇరవై ఆరేళ్లుగా అదే చెయ్యి, అదే గొట్టం.

ఆ రోజు పని ఒప్పుకున్న వాడలోకి బోరు లారీ రాదు. సందులోకి సైకిలు వస్తేనే మనుషులు గోడకు వీపు అతికించి నిలబడాలి. లారీ వచ్చినా దాన్ని పిలిపించే తాహతు ఆ ముప్ఫై ఇళ్లకు లేదు. చేతి బోరుకైతే కావలసింది కొంచెమే. ఆరు వెదురు గడలు, ఒక గొలుసు, కొన్ని ఇనప గొట్టాలు, గుంటెడు నీళ్లు, తట్టెడు పేడ, నలుగురు మనుషులు. అన్నీ తలల మీద మోసుకొచ్చేయొచ్చు.

గుంట తీసి నీళ్లు నింపి, అందులో గొట్టాన్ని నిలబెడతారు. దాన్ని గొలుసుతో పొడవాటి గడకు కడతారు. గడ అవతలి కొసకు ఇద్దరు వేలాడితే గొట్టం పైకి లేస్తుంది. వదిలితే దబ్బున పడి నేలను కొరుకుతుంది. గుంటలో నీరు గొట్టం చుట్టూ ఉన్న సందులోంచి అడుక్కు దిగుతుంది. గొట్టం లేచేటప్పుడు పైనున్న మనిషి మూతికి అరచెయ్యి అడ్డం పెడతాడు, పడేటప్పుడు తీస్తాడు. మూసినప్పుడు లోపలి నీరు గొట్టంతో పాటు లేస్తుంది. తీసినప్పుడు అడుగునున్న బురదను వెంటేసుకుని పైకి చిమ్ముతుంది. యంత్రమంతా అంతే. మోటారు లేదు, కరెంటు లేదు. ఒక మనిషి అరచెయ్యే దానికి తలుపు. ఆ తలుపుతో పొద్దుగూకేలోపు డెబ్బై ఎనభై అడుగులు దిగిపోయేవాళ్లు. మొదటిసారి చూసినవాళ్లు నోరు మూయడం మరచిపోయేవారు.

ఆ చెయ్యి తలుపే కాదు, కన్ను కూడా. బంకమట్టి వస్తే చేతి కింద సబ్బులా జారుతుంది. ఒండ్రు అయితే పిండిలా తగులుతుంది. సన్న ఇసుక పిల్లి నాలుకలా గీకుతుంది. నీళ్లిచ్చే ముతక ఇసుక మాత్రం కొరుకుతుంది. డెబ్బై అడుగుల కింద చీకట్లో ఏముందో ఆయన కళ్లు మూసుకుని చెప్పేవాడు. "మా బావ అరచెయ్యి చూసి మీకు జాతకం చెప్పడు, అరచేత్తో నేల జాతకం చెప్తాడు" అని గడ ఆడించే బావమరిది వెళ్లిన ప్రతిచోటా చాటింపు వేసేవాడు.

అదంతా మొన్న వానలు వెళ్లేదాకా. ఆ తర్వాత ఆ చెయ్యి మొద్దుబారింది.

మొదట చిటికెన వేలు, తర్వాత ఉంగరం వేలు, తర్వాత నెమ్మదిగా అరచెయ్యంతా. ఒకరోజు పొయ్యి మీది గిన్నెను ఉత్త చేత్తో దించాడు. భార్య చూసి చటుక్కున లాక్కునేసరికి చర్మం మీద రూపాయంత పొక్కు. ఆమె ఆ చేతిని నీళ్ల బక్కెట్లో ముంచి పట్టుకుంది. చేతికి వేడి ఎందుకు తెలియలేదని ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు.

అప్పటినుంచి మేస్త్రీ చెవితోనూ కంటితోనూ నెట్టుకొస్తున్నాడు. బురద రంగు చూడడం, చిమ్మే చప్పుడు వినడం. నాలుగు బోర్లు అలాగే గడిచాయి. అయిదోది ఇటుక బట్టీ దగ్గర. అది పది రోజులు నీళ్లిచ్చి ఎండిపోయింది. "నేల మోసం చేసింది" అన్నాడాయన. అందరూ నమ్మారు. చెయ్యి మేస్త్రీ అన్నాక నమ్మక ఏం చేస్తారు? కానీ ఆ మాట అన్న దగ్గర్నుంచి ఆయనకు తిన్నది వంటబట్టడం లేదు.

ఇప్పుడు ఈ వాడ. మేస్త్రీని పిలిచింది టైలరమ్మ. కుట్టు మిషను మీద నలుగురిని పోషిస్తూ, మిగిలిన టైములో ముప్ఫై ఇళ్ల తగువులూ తీర్చే మనిషి. రెండేళ్ల కిందట ఇంటింటికీ మరుగుదొడ్డి ఉండాల్సిందేనని పట్టుబట్టి కట్టించింది ఆమే. అది మంచి పనే. కానీ ఉన్న జాగా అరచెయ్యంత. దొడ్ల గుంటలు పాత చేతిపంపుకు ఎనిమిది అడుగుల్లోకి వచ్చిపడ్డాయి. పాత పంపు లోతు ముప్ఫై అడుగులే. నీరు పల్లమెరుగు. గుంటల్లో ఊరింది ఆ పై ఇసుకలోకే దిగింది. నీళ్లు చూడడానికి అద్దంలా ఉంటాయి. ఎండలు మొదలైనప్పటి నుంచి వాడలో పిల్లలకు విరేచనాలు.

"మేస్త్రీ గారూ, మాకు పై ఇసుక వద్దు" అని ఆమె ముందే చెప్పింది. "బంకమట్టి దాటి కింది ఇసుకలో వెయ్యండి. కింద నీళ్లు లేవని తేలితే మాత్రం మా వాళ్లు ఆగరు. గొట్టం పైకి లాగి పాత ఇసుకలోనే బిగించేస్తారు. మళ్లీ అదే కథ."

మేస్త్రీ తలూపాడు. రెండు ఇసుకలకూ నడుమ బంకమట్టి ఒక మూత. మూత కింద నీళ్లున్నాయి. ఆ నీళ్లు ఎక్కడ మొదలవుతాయో పట్టుకోవాలి. ముందే ఆగి, నీళ్లు పట్టే ఫిల్టరు గొట్టం దించితే అది బంకమట్టిలో చిక్కి చుక్క ఇవ్వదు. అప్పుడు జనం పై ఇసుకకే పోతారు. పిల్లలు ఆ నీళ్లే తాగుతారు. ఇదంతా ఆయనకు తెలుసు. తెలిసీ పరంజా ఎక్కి, గొట్టం మీద మొద్దు చెయ్యి వేశాడు.

మధ్యాహ్నానికి నలభై అడుగులు దిగారు. మేస్త్రీ భార్య గుంట దగ్గర నిలబడి అయిదడుగులకోసారి చిమ్మిన బురదలోంచి ఒక పిడికెడు తీసి గోనె మీద వరసగా పెడుతోంది. పెట్టినప్పుడల్లా తనలో తను అనుకుంటున్నట్టు పైకే అంటోంది.

"గోధుమరంగు... సన్న ఇసుక... అదిగో, బూడిద బంక మొదలైంది..."

"అక్కా, మట్టికి పేర్లు పెడుతున్నావా, బారసాల చేస్తున్నావా?" అన్నాడు తమ్ముడు గడకు వేలాడుతూ.

"నీకు పెట్టినప్పుడే అయిపోయాయిరా మంచి పేర్లన్నీ."

గడ రెండో పక్కనున్న మనిషి పకపకా నవ్వాడు. గడ లయ తప్పింది. పైనుంచి మేస్త్రీ "ఊఁ" అన్నాడు. మళ్లీ లయ కుదిరింది.

అరవై దగ్గర గుంటలో నీరు తగ్గింది. భార్య రెండు బిందెలు తీసుకుని, వాడకం నీళ్లే వచ్చే వీధి చివరి కుళాయికి వెళ్లింది. బొరియ గోడ కూలకుండా గుంటలో పేడ కలుపుతుండాలి. ఆ పని టైలరమ్మ అందుకుంది. ఊరికే చూస్తూ నిలబడడం ఆమెకు చేతకాదు. ఒకటి అడిగితే రెండు తట్టలు తెచ్చి గుమ్మరించింది.

కొంచెం సేపటికి చిమ్మే బురద చప్పుడు మారింది. మెత్తగా చప్‌చప్‌మంటున్నది గర్‌గర్‌మంది. మేస్త్రీ చెవి రిక్కించాడు. మళ్లీ గర్‌గర్. గొట్టం అంచు మీద ఏవో పలుకులు రాసుకుంటున్నాయి. చెయ్యి ఏమీ చెప్పలేదు, చెవి చెప్పింది. మనసు చెవి చెప్పినదాన్ని గబుక్కున అందుకుంది. ఆశపడ్డ మనసు సాక్ష్యం అడగదు.

"ఆపండి" అన్నాడు. "ముతక ఇసుక. అరవై రెండు."

కింద కేరింతలు. వాకిళ్లలో ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. బావమరిది గడ వదిలి తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు. "చూశారా! మా బావ చెయ్యి చెప్పిందంటే నేల సంతకం పెట్టినట్టే! ఇక గొట్టాలు లాగుదాం."

అప్పుడే భార్య బిందెలతో వచ్చింది. ఆగిన గడను చూసింది. పరంజా మీద మొగుడిని చూసింది. బిందెలు దించి, గొట్టం పక్కన జారిన బురద పిడికెడు తీసుకుని, పళ్లెంలో వేసి నీళ్లు పోసి కడిగింది. పళ్లెం ఒక పక్కకు వంచింది. ఇంకోసారి కడిగింది. ఆమె కడుగుతున్నంత సేపూ మేస్త్రీ పైనుంచి ఆమె నడినెత్తినే చూస్తున్నాడు.

"ఇది ఇసుక కాదు" అంది. "ఊక."

"ఏమిటీ?"

"ఊకండీ. వడ్ల ఊక. నీళ్ల మీద తేలుతోంది. అడుగున పలుకన్నది లేదు, ఉత్త బంక."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత బావమరిది పళ్లెంలోకి తొంగిచూసి విరగబడి నవ్వాడు. "బావా! నేలలో వడ్ల మిల్లు తగిలిందయ్యా నీకు!"

వాకిళ్లన్నీ నవ్వాయి. మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు అన్నట్టు, మేస్త్రీకి తప్పు కన్నా ఆ నవ్వే ముందు తగిలింది.

టైలరమ్మ మాత్రం నవ్వలేదు. ఆమె మొహం మాడిపోయింది. "నాదే తప్పు మేస్త్రీ గారూ. మిల్లు ఎద్దుల పేడ తెచ్చాను. వాటికి ఊక కలిసిన తవుడే మేత. ఆ ఊకంతా దాంట్లోనే ఉన్నట్టుంది. రెండు తట్టలు వేశాను. మీ చేతినే మోసం చేశాను."

ఇంతకంటే మంచి సాకు ఎక్కడ దొరుకుతుంది? ఆమే తెచ్చి చేతికిచ్చింది. ఊఁ అంటే చాలు. "అందుకే అడక్కుండా పనిలో వేలు పెట్టకూడదమ్మా" అని ఒక మాట అంటే పరువు నిలుస్తుంది, గడ మళ్లీ ఆడుతుంది. మేస్త్రీ నోరు తెరిచాడు. కిందనుంచి భార్య ఆయన్ని చూస్తోంది. ఆ చూపులో కోపం లేదు. బెదిరింపూ లేదు. గోనె మీద మట్టి కుప్పను ఎలా చూస్తుందో అలాగే, ఇదేమిటో తేలనీ అన్నట్టు చూస్తోంది.

ఆయన పరంజా దిగాడు. పని నడుమ ఆయన దిగడం ఎవరూ చూసి ఎరగరు.

"ఆ సూది ఇటివ్వమ్మా."

టైలరమ్మ భుజం దగ్గర రవికెకు ఎప్పుడూ ఒక సూది గుచ్చి ఉంటుంది. ఆమె ఏమీ అడగకుండా తీసి ఇచ్చింది. మేస్త్రీ దాన్ని కుడి అరచేతిలో, బొటనవేలి కుదురు దగ్గర, సగం దాకా దించాడు. ఒక వాకిట్లో ఎవరో కెవ్వుమన్నారు. నెత్తురు బొట్టు పొటమరించింది. ఆయన మొహంలో రెప్ప కూడా కదల్లేదు. సూది తీసి, పంచెకు తుడిచి, తిరిగి ఇచ్చాడు.

"ఊకకూ ఇసుకకూ తేడా తెలియని చెయ్యి కాదు ఇది" అన్నాడు. "ఒకప్పుడు. ఇప్పుడు దీనికి ఏదీ తెలియదు. ఆరు నెలలైంది. పేడది కాదు తప్పు."

ఎవరూ నవ్వలేదు.

"ఇటుక బట్టీ దగ్గర మోసం చేసింది కూడా నేల కాదు. నేనే."

బావమరిది తలపాగా గుడ్డ రెండు చేతుల్లోనూ నలుపుతున్నాడు. "చెప్పకూడదా బావా?"

"చెప్తే దించేస్తావు."

"దించేసేవాణ్ణే!" అన్నాడు వాడు. "ఆసుపత్రికి లాక్కుపోయేవాణ్ణి. ఇన్నాళ్లూ నీ చెయ్యి గొప్పదని ఊరూరా చాటింపు వేశానే... నన్నొక వెధవను చేశావు."

"వెధవల సంగతి తర్వాత తేల్చుకోండి" అంది భార్య. "గొట్టం బంకలో నిలబడి ఉంది. ఇంకాసేపు ఆగితే బిగుసుకుంటుంది. గొట్టమూ పోతుంది, బొరియా పోతుంది."

నిజమే. బంకమట్టి తడిసి ఉబ్బుతుంది. ఆగిన గొట్టాన్ని అది పట్టుకుంటే పది మంది లాగినా వదలదు. ఇంత చెప్పాక ఆ మొద్దు చేతిని మేస్త్రీ మళ్లీ గొట్టం మీద పెట్టదలచుకోలేదు. గడ ఆడించేవాళ్లు గడ ఎరుగుదురు, మూత ఎరగరు.

ఆమె కొంగు నడుముకు బిగించి పరంజా ఎక్కడం మొదలుపెట్టింది.

"నీకు పట్టు తెలియదే" అన్నాడు మేస్త్రీ.

"ఇరవై ఆరేళ్లుగా కింద నిలబడి చూస్తున్నది ఏమిటనుకున్నారు, సినిమానా?"

అడ్డగడ మీద కూర్చుని గొట్టం మూతికి చెయ్యి అడ్డం పెట్టింది. గడ కదిలింది. మొదటి దెబ్బకు చెయ్యి తియ్యడం ఆలస్యమైంది. రెండోదానికి తొందరైంది. మూడోదానికి బురద మొత్తం మొహాన చిమ్మింది.

"అక్కా, మట్టి పూస్తే మొహం నునుపు తేలుతుందట. పూయించుకో!" అన్నాడు తమ్ముడు. వాడికి అంతకన్నా ఎక్కువసేపు నోరు కట్టుకుని ఉండడం చేతకాదు.

"నోరు కాదురా, గడ ఆడించు."

మేస్త్రీ పరంజా కాలు పట్టుకుని నిలబడ్డాడు. "చేత్తో ముయ్యకు" అన్నాడు మెల్లగా, ఆమెకు మాత్రమే వినపడేలా. "ఊపిరితో ముయ్యి. పీల్చినప్పుడు మూత. వదిలినప్పుడు తీత."

ఆమె కళ్లు మూసుకుంది. ఇంకో పది దెబ్బలు తడబడింది. ఆ తర్వాత మూత, తీత, మూత, తీత. బురద తిన్నగా, చిన్న ఊటలా చిమ్మడం మొదలైంది. గొట్టం దిగుతోంది. మేస్త్రీ నమ్మలేనట్టు చూశాడు. ఆయనకు ఆ లయ కుదరడానికి మొదటి ఏడాదంతా పట్టింది.

ఇక బిందెలు మోసే మనిషి లేదు. ఆయన ఎత్తుకున్నాడు. కుళాయికి నూట పది అంగలు వెళ్లడం, నూట పది అంగలు రావడం. మూడో విడతకు భుజం గుంజింది. అయిదో విడతకు మెడ తిరగలేదు. గుంట ఎప్పుడూ నిండుగా ఉండేదని ఆయనకు తెలుసు. ఎవరు నింపేవారో కూడా తెలుసు. ఎంత బరువో తెలియదు. నీళ్లు పోస్తూ గోనె మీది మట్టి కుప్పల వరస చూశాడు. గోధుమరంగు, సన్న ఇసుక, బూడిద బంక. ఆమె పైకి అనే ఆ మాటలు ఎవరికోసమో అప్పుడు తట్టింది. పొక్కు లేచిన మర్నాటి నుంచే మొదలయ్యాయవి. అంతకు ముందు ఆమె పనిలో నోరు విప్పేది కాదు. బట్టీ దగ్గర బోరు వేసిన రోజున ఆమె జ్వరంతో ఇంట్లో ఉండిపోయింది.

ఖాళీ బిందె పట్టుకుని ఆ కుప్పలను మొదటి నుంచి మళ్లీ వరసగా చూశాడు. "బావా, నీళ్లు!" అని కేక వినపడ్డాక కదిలాడు.

డెబ్బై దాటింది. ఎండ గోడల మీదికి ఎక్కింది. ఉన్నట్టుండి ఆమె కళ్లు తెరిచింది.

"ఏమండీ."

"ఊఁ."

"ఏదో కొరుకుతోంది."

"ఎలా?"

"కల్లుప్పు మీద చెయ్యి పెట్టినట్టు."

మేస్త్రీ పళ్లెం అందుకున్నాడు. పిడికెడు బురద వేసి కడిగాడు, వంచాడు, మళ్లీ కడిగాడు. నీళ్ల మీద ఏదీ తేల్లేదు. అడుగున పలుకులు, తెల్లవి, ఎర్రవి, జొన్నగింజలో సగమంత. కంటికి కనిపించింది. అయినా ఇసుక అని తనే తేల్చలేదు. పళ్లేన్ని టైలరమ్మ ముందు పెట్టాడు.

"వేళ్లతో నలిపి చూడమ్మా. గుడ్డ పోగు పట్టినట్టు పట్టుకుని చూడు."

ఆమె నలిపింది. "రాళ్లే మేస్త్రీ గారూ. గట్టిగా ఉన్నాయి. వేలికి గుచ్చుకుంటున్నాయి."

"ఇంకో ఏడడుగులు" అన్నాడాయన. "పొర మందం తెలియాలి."

ఏడడుగులూ అదే కొరుకుడు. డెబ్బై ఎనిమిది దగ్గర ఆమె తనే చెయ్యి ఎత్తి ఆపమంది. ఎవరూ కేరింతలు కొట్టలేదు ఈసారి. ఇనప గొట్టాలు ఒక్కొక్కటే పైకి లాగి, రంపంతో సన్నటి గాట్లు కోసి నైలాను వల చుట్టిన ప్లాస్టిక్ ఫిల్టరు గొట్టం దించారు. చుట్టూ ముతక ఇసుక పోశారు. ఆ తర్వాతి పని మేస్త్రీది. బంకమట్టిని నిమ్మకాయంత ఉండలు చుట్టి, గొట్టం పక్క సందులోకి ఒక్కొక్కటే వదలాలి. పై ఇసుకలోని నీరు గొట్టం వెంట జారి కిందికి రాకుండా అవి ఉబ్బి బిగుసుకుంటాయి. మళ్లీ మూత పడుతుంది. దానికి చేతికి తెలివి ఉండక్కర్లేదు, ఓపిక ఉంటే చాలు. నాలుగు వందల ఉండలు చుట్టాడు. ఒక్కటి కూడా పగలలేదు.

పంపు తల బిగించి బావమరిది కొట్టడం మొదలుపెట్టాడు. ముందు బురద. తర్వాత టీ రంగు. తర్వాత పలచటి మజ్జిగ రంగు. రెండు వందల దెబ్బల తర్వాత నీళ్లు ధారగా, చల్లగా, తెల్లగా దూకాయి. టైలరమ్మ గాజు గ్లాసులో పట్టి వెలుతురుకు ఎత్తింది. గ్లాసు ఖాళీగా ఉన్నట్టే ఉంది.

"తాగకండి" అన్నాడు మేస్త్రీ. "తెల్లగా ఉన్నవన్నీ మంచివి కావని మీకు తెలుసు. రేపు బ్లీచింగు పొడి వేసి, బాగా తోడి పోయండి. ఆరోగ్య కేంద్రం వాళ్లు సీసా పరీక్ష చేసి బాగుందన్నాక పిల్లలకు పట్టండి."

టైలరమ్మ గ్లాసు దించింది. తాగలేదు, పారబోయలేదు కూడా. వాకిలి గట్టు మీద పెట్టుకుంది. వాడ వాళ్లు ఒక్కొక్కరే వచ్చి దాన్ని చూసి వెళ్లారు.

తర్వాత ఆమె మేస్త్రీ భార్య దగ్గరికి వెళ్లింది. "అక్కా, ఇప్పుడు నిన్ను ఏమని పిలవాలి? చెయ్యి మేస్త్రమ్మా అనాలా?"

"నన్ను ముందు మొహం కడుక్కోనివ్వు తల్లీ. ఆ తర్వాత ఏమన్నా పిలుచుకో."

సామాను సర్దుతుంటే మేస్త్రీ గొలుసు చుట్టుకుంటూ బావమరిదితో అన్నాడు. "ఎల్లుండి ఇటుక బట్టీ దగ్గరికి."

"వాళ్లు పిలిచారా?"

"లేదు."

"మరి?"

"మీ అక్క పైన కూర్చుంటుంది. నేను నీళ్లు మోస్తాను."

"రేపు?"

"రేపు ఆసుపత్రికి. నువ్వు లాక్కుపోతానన్నావుగా, లాక్కుపో."

వాడు అక్క వైపు చూసి, గొట్టాలు కట్టుకోవడానికి వెళ్లిపోయాడు.

టైలరమ్మ ఇంటి ముందు చాప పరిచారు. నాలుగిళ్ల నుంచి గిన్నెలు వచ్చాయి. అన్నం, పప్పు, ఎర్రటి కూర ఒకటి. మేస్త్రీ, ఆయన భార్య, బావమరిది, గడ ఆడించిన మనిషి, టైలరమ్మ, చుట్టుపక్కల వాళ్లు ఇద్దరు ముగ్గురు వరసగా కూర్చున్నారు. పొద్దు గోడ దాటింది. వడ్డించే చేతులు వడ్డించాయి, తినే చేతులు తిన్నాయి. గంటె గిన్నెకు తగిలిన చప్పుడు, నమిలే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

మేస్త్రీ భార్య కూర కలిపింది. మధ్యాహ్నం నుంచీ గొట్టం అంచుకు రాసుకున్న ఆ అరచెయ్యి ఎర్రగా కందిపోయి, రెండు చోట్ల చర్మం లేచి ఉంది. కారం తగిలి ఆమె పళ్ల సందునుంచి గాలి లోపలికి పీల్చింది, చిన్నగా, పక్కన కూర్చున్నవాళ్లకు మాత్రమే వినపడేంత.

మేస్త్రీ విన్నాడు. తన చేతికి ఇక తెలియని మంట అది. ముద్ద నోటి దాకా తెచ్చుకుని ఆగాడు. ఆమె మళ్లీ అదే చేత్తో ముద్ద చేసుకుంది. ఆయన తల వంచుకుని తినడం మొదలుపెట్టాడు.